ఈ ఒళ్ళు ఎవరిది?

షుగరొచ్చిన ప్రతి మనిషికీ డాక్టర్లు చెప్పే మాట ఒక్కటే. నడవండి. రోజూ ముప్పావుగంట నడవండి. పైసా ఖర్చు లేని వైద్యం అని కూడా అంటారు. ఎక్కడ నడవాలో మాత్రం ఏ చీటీలోనూ రాయరు. రాయాల్సిన అవసరం వాళ్ళకి కనిపించదు. రోడ్డు అందరిదీ కదా అనుకుంటారు.

మా అమ్మీకి షుగరు బయటపడింది 2008లో. అప్పటికామెకు యాభై రెండేళ్ళు, ఎనభై రెండు కిలోలు. మా నానీదీ ఇదే జబ్బు. మొదట కాలి బొటనవేలు తీసేశారు. తర్వాత మోకాలి కింద దాకా తీసేశారు. 1996లో పోయింది. వంటింటి నుంచి బావి దాకా, బావి నుంచి వంటింటి దాకా, నానీ జీవితమంతా చేసిన ప్రయాణం అంతే. అందుకే అమ్మీ రిపోర్టు వచ్చిన రోజు ఇంట్లో అందరి చూపూ ఆమె పాదాల మీదికే పోయింది.

నడక మొదలుపెట్టాం. విశాఖలో పేపరు ఉద్యోగం నాది. సెలవు పెట్టి వచ్చి, తెల్లవారుజామునే అమ్మీని తీసుకుని కాలేజీ మైదానానికి వెళ్ళేదాన్ని. ఆమె బురఖాలో, నేను దుపట్టాలో. అప్పటికే అక్కడ పాతికమంది నడుస్తూ ఉండేవారు. మమ్మల్ని చూసి పక్కకి తప్పుకునేవారు. మర్యాదే. కానీ పాతికమంది ఒకేసారి తప్పుకుంటే అది మర్యాదలా ఉండదు. మూడోరోజు వెనకనుంచి ఎవరో, "పాకిస్తాన్ దాకా నడిచెల్తారేటి?" అన్నాడు. నలుగురు నవ్వారు. పెద్ద గొడవేం కాదు. ఎవరూ చెయ్యెత్తలేదు. ఏ పేపర్లోనూ రాసే వార్త కాదు. నాలుగోరోజు అమ్మీ మంచం దిగలేదు.

అదే వారం మా బంధువుల్లో ఒక పెద్దాయన అబ్బా దగ్గరకొచ్చి, ఆడవాళ్ళు చీకటితో లేచి మైదానాల్లో తిరగడం మన ఖాందాన్‌కి బాగుండదని చెప్పి, చాయ్ తాగి వెళ్ళాడు. మైదానంలో నవ్విన మనిషికీ ఈ పెద్దాయనకీ ముఖపరిచయం కూడా లేదు. ఇద్దరూ చెప్పింది మాత్రం ఒకటే. ఇంటికి పొండి.

మాది బొబ్బిలి. ఈ ఊరి పేరు వెనక ఒక తురక పేరుందని సంస్థానం కథే చెబుతుంది. శ్రీకాకుళం నవాబు షేర్ మహమ్మద్ ఖాన్ మీద కృతజ్ఞతతో, షేర్ అంటే పులి కాబట్టి, పెద్దపులి అని పేరు పెట్టారట. పెద్దపులి, బెబ్బులి, బొబ్బిలి. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లా మొత్తం మీద మేం నూటికి ఒక్కరం కూడా లేం. ఊరి పేరులో ఉన్నాం. ఊరి మైదానంలో మాత్రం వింతగా ఉన్నాం.

ఈ ఊరికి ఇంకో కథుంది. అది తెలుగువాళ్ళందరికీ తెలుసు. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులూ విజయనగరం రాజు సేనలూ కోటని చుట్టుముట్టాయి. కోట నిలవదని తేలాక లోపలి ఆడవాళ్ళనీ పిల్లల్నీ సొంతవాళ్ళే చంపేశారు, శత్రువు చేతికి చిక్కకూడదని. క్లాసులో ఈ కథ చెప్పేటప్పుడు హైదర్ జంగ్ పేరు రాగానే పిల్లలంతా నావైపు తిరిగేవాళ్ళు, బుస్సీ దుబాసీ ఏదో మా చిన్నాన్న అయినట్టు. నాకు మాత్రం ఆ ఆడవాళ్ళే గుర్తుండిపోయారు. ఆడదాని ఒంటికి పరువని పేరు పెట్టాక, ఆ ఒంట్లో ఉన్న మనిషికి ఎక్కడ నొప్పిగా ఉందో ఎవరూ అడగరు.

మా ఇంట్లో ఆ మాట అడిగింది ఒక ఆటవస్తువు.

2011లో మా అన్నయ్య జెద్దా నుంచి వస్తూ పిల్లల కోసం నింటెండో వీ అనే వీడియో గేమ్ తెచ్చాడు. టీవీకి తగిలించుకునే చిన్న తెల్లపెట్టె. చేత్తో పట్టుకునే రిమోటు. దాంతోపాటు 'జస్ట్ డ్యాన్స్' అనే డిస్కు. యూబీసాఫ్ట్ కంపెనీ 2009లో తెచ్చిన ఆట అది. తెరమీద ఒక మనిషి డ్యాన్సు చేస్తుంటే అద్దంలో చూసినట్టు మనమూ చెయ్యాలి. కుదిరితే మార్కులు, కుదరకపోతే లేదు. సెలవులయ్యాక పిల్లలు జెద్దా వెళ్ళిపోయారు. పెట్టె ఇక్కడే ఉండిపోయింది.

ఇలాంటి ఆటలకి పెద్ద చరిత్రే ఉంది. 1998లో జపాన్‌లో కొనామీ కంపెనీ 'డ్యాన్స్ డ్యాన్స్ రివల్యూషన్' తెచ్చింది. నాలుగు బాణం గుర్తులున్న పలక మీద నిలబడి, తెరమీద బాణం వచ్చిన క్షణానికి సరిగ్గా ఆ గుర్తు తొక్కాలి. వీడియో గేమ్ అంటే కూర్చుని వేళ్ళు కదపడమే అనుకునే రోజుల్లో అది జనాన్ని చెమటతో తడిపేసింది. 2006లో అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, పిల్లల ఊబకాయానికి విరుగుడుగా, తన 765 ప్రభుత్వ బడుల్లోనూ దాన్ని పెడతానని ప్రకటించింది. ఇవన్నీ నేను తర్వాత చదివి తెలుసుకున్నవి. అమ్మీకి ఇవేవీ అక్కర్లేదు. ఆమె అడిగింది ఒకటే. "బేటీ, తలుపు గడియ పెట్టావా?"

తెరమీది ఆ మనుషుల గురించి చెప్పాలి. జస్ట్ డ్యాన్స్ మొదటి ఆటల్లో డ్యాన్సు చేసేవాళ్ళకి ముఖం ఉండీ లేనట్టు ఉంటుంది. ఒళ్ళంతా పాలిపోయిన వెలుగు. ఒక చేతికి మాత్రం రంగు తొడుగు. ఏ దేశమో, ఏ కులమో, ఏ మతమో చెప్పలేం. వాళ్ళూ మన పేరు అడగరు. పేరు చెప్పగానే ఎదుటివాడి ముఖంలో ఏదో మారడం చూస్తూ పెరిగినవాళ్ళకి ఇదెంత సుఖమో ఆ అనుభవం లేనివాళ్ళకి చెప్పడం కష్టం.

ఇంకో తమాషా. ఆ రిమోటుకి తెలిసేది చేతి కదలిక ఒక్కటే. నడుమూ కాళ్ళూ ఏం చేస్తున్నాయో దానికి పట్టదు. అమ్మీ నాలుగు రోజుల్లోనే ఈ కిటుకు పట్టేసింది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చెయ్యి మాత్రం విసురుతూ నాకన్నా ఎక్కువ మార్కులు కొట్టి, దుపట్టా నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు నేను చాలా ఏళ్ళ తర్వాత విన్నాను. "మార్కులు సరే, షుగరు ఎట్లా దిగుతుంది?" అంటే లేచి నిలబడింది. మొదటిరోజు ఒక్క పాట. సగంలో ఆయాసం. నెల తిరిగేసరికి మూడు పాటలు.

2010లో మైక్రోసాఫ్ట్ కినెక్ట్ అనే కెమెరా తెచ్చింది. అది ఒళ్ళు మొత్తం చూస్తుంది. కానీ వదులు బట్టలు వేసుకుంటే ఆకారం అందక తడబడుతుంది. అది చదివి నేనూ నవ్వుకున్నాను. ఒక యంత్రానికి చెయ్యి తప్ప ఏమీ కనబడదు. ఇంకోదానికి బట్ట అడ్డమొస్తుంది. మమ్మల్ని చూసే మనుషుల సంగతి ఇంతకన్నా మెరుగ్గా ఉందా?

శుక్రవారం మధ్యాహ్నం మగవాళ్ళంతా జుమా నమాజుకి వెళ్ళేవాళ్ళు. ఇల్లు గంటసేపు ఆడవాళ్ళది. మెల్లగా మా ఖాలా వచ్చింది. వెనక వీధి టైలరుగారి భార్య వచ్చింది. పక్కింటి హిందూ అప్ప గోడ మీంచి, "ఏటమ్మా ఆ సప్పుడు?" అని అడిగి, సంగతి విని, "నాకూ సుగరే కదా" అంటూ కొంగు బిగించి తనే వచ్చింది. రిమోట్లు రెండే. మిగిలినవాళ్ళు ఉత్త చేతుల్తో ఆడేవాళ్ళు. చెమట పట్టడానికి మార్కులతో పనేముంది?

"నాచ్‌నా? ఇస్ ఉమర్ మే?" అని మాలోనే కొందరు బుగ్గలు నొక్కుకున్నారు, ఈ వయసులో చిందులా అని. సంగీతం హరామా, హలాలా అన్నది ఉలేమాల మధ్యే ఏకాభిప్రాయం లేని విషయం. ఆ తీర్పు నేను చెప్పను. అమ్మీ తన దారి తను చూసుకుంది. అజాఁ వినబడితే ఆట ఆపేది. రంజాన్ నెలలో శబ్దం పూర్తిగా తీసేసి, తెర కింద వరసగా వచ్చే బొమ్మగుర్తుల్ని చూసి ఆడేది. పాట లేకుండా, అడుగుల చప్పుడుతో.

అయినా ఇది మాకు విదేశీ సరుకేం కాదు. మా పెళ్ళిళ్ళలో మాంజా రాత్రి తలుపులు వేసుకుని ఢోలక్ కొట్టి, చప్పట్లు కొట్టి, ముసలమ్మలు కూడా ఆడినవాళ్ళే. ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్ళు ఆడేవాళ్ళ గుండెమీద రేకు తప్పెటలు మోగుతుంటే ఆ ఎగురుడు చూడండి. అరకు వైపు నడుముల చుట్టూ చేతులేసుకుని ఆడవాళ్ళు కట్టే థింసా వరస చూడండి. దాన్నెవరూ వ్యాయామం అనలేదు. ఆటంటే ఒంటికి అందరూ ఇచ్చుకున్న హక్కు. మాకది పెళ్ళికో రాత్రి దొరికేది. ఆ పెట్టె దాన్ని వారంలో నాలుగు రోజులు చేసింది. అంతే తేడా.

ఈ సంగతి ఆఫీసులో చెబితే ఒక సెక్యులర్ మిత్రుడికి తెగ ఉత్సాహం వచ్చింది. "అద్భుతం! బురఖాలు విసిరేసి డ్యాన్సు చేస్తున్న ముస్లిం స్త్రీలు! స్టోరీ రాయి. ఫోటో దొరుకుతుందా?" అన్నాడు. మంచివాడే. మా మీద దాడులు జరిగినప్పుడు మాతో నిలబడ్డవాడే. కానీ ఎవరూ ఏమీ విసిరెయ్యలేదు బాబూ. ఇంట్లో బురఖా ఎవరేసుకుంటారు? ఆట అయ్యాక అమ్మీ మొహం కడుక్కుని, వుజూ చేసుకుని నమాజుకి నిలబడేది. ఆమె పోరాడింది మతంతో కాదు, షుగరుతో. ఆమె కాలు ఒక పక్షానికి పరువు, ఇంకో పక్షానికి విముక్తి జెండా. ఆమెకి మాత్రం అది కాలు. పుండు పడకుండా చూసుకోవాల్సిన కాలు.

ఇక బరువు మాట. ఆశలు పెంచడం నాకిష్టం లేదు. మామూలు జోరుతో అరగంట డ్యాన్సు చేస్తే సుమారు 150 నుంచి 200 క్యాలరీలు ఖర్చవుతాయి. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కావాలి. అంటే రోజూ ఆడితే నెలకి అరకిలో పైచిలుకు, అదీ తిండి పెరగకపోతేనే. రెండు సమోసాలు తింటే ఆ అరగంట తుడిచిపెట్టుకుపోతుంది. తెరమీద కనిపించే క్యాలరీల అంకె కూడా అంచనాయే. అమ్మీ ఏడాదిలో ఆరు కిలోలు తగ్గింది. అందులో ఆట వాటా ఎంతో, చాయ్‌లో చక్కెర మానేసి, రాత్రి అన్నం సగం చేసినదాని వాటా ఎంతో ఎవరం చెప్పగలం? మందు బిళ్ళలు ఆగలేదు. ఆగాలని డాక్టరూ అనలేదు. కానీ మేడమెట్లు ఆగకుండా ఎక్కింది. రాత్రి నిద్ర పట్టింది. ఇవాళ ఆమెకి డెబ్బై దగ్గర పడుతోంది. రెండు కాళ్ళూ ఉన్నాయి. మా నానీకి లేనిది అది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలి. అది నడకే కానక్కర్లేదు, డ్యాన్సూ లెక్కకొస్తుంది. మన దేశపు ఆడవాళ్ళకి నడుము కొలత 80 సెంటీమీటర్లు దాటితేనే ప్రమాదమని డాక్టర్లంటారు. దేశంలో 10 కోట్లమందికి పైగా షుగరుందని 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. ఇది ఒక్క మతం జబ్బు కాదు. కానీ మందు అందరికీ ఒకటే అయినా, మైదానం అందరికీ ఒకటి కాదు. మా అస్తిత్వం గురించి ఎన్నో రాసుకున్నాం. అల్లర్ల గురించి రాశాం, అనుమానపు చూపుల గురించి రాశాం. రాయాలి కూడా. కానీ చూపుల వల్ల ఇంట్లోనే ఆగిపోయిన మోకాళ్ళ గురించి, గాయాలు మానని పాదాల గురించి ఎక్కడ రాశాం? అవి కూడా ఈ దేశంలో మైనారిటీగా బతకడంలో భాగమే.

2020లో లాక్‌డౌన్ వచ్చి ఊరంతా నాలుగ్గోడల మధ్య నడవాల్సొచ్చినప్పుడు, విశాఖ మిత్రులు ఒంట్లో బాగాలేదనీ పిచ్చెక్కిపోతోందనీ ఫోన్లు చేశారు. అమ్మీని అడిగి పాటల పేర్లు చెప్పాను.

ఆ తెల్లపెట్టె తయారీ ఆగిపోయి చాలాకాలమైంది. 2019 నవంబరులో వచ్చిన డిస్కుతో ఆ కంపెనీ దానికి కొత్త ఆటలివ్వడం మానేసింది. ఫోనునే రిమోటుగా వాడుకునే ఆటలు 2014 నుంచీ ఉన్నాయి. ఫోను కూడా భర్త జేబులో ఉండే ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి. వాళ్ళకి అన్నయ్యలు జెద్దాలో లేరు.

అందుకని రెండు మాటలు అడుగుతున్నాను. మన పెద్దల్ని మొదట. చాలా ఊళ్ళలో షాదీఖానాలున్నాయి. పెళ్ళి లేని రోజు తాళం పడి ఉంటాయి. వారానికి మూడు మధ్యాహ్నాలు ఆ తాళంచెవి ఆడవాళ్ళకివ్వండి. ఒక టీవీ, ఒక ఫ్యాను, ఒక పరదా చాలు. రెండోది మైదానంలో నడిచే మిత్రుల్ని. మేం వస్తే పక్కకి తప్పుకోకండి. పక్కన నడవండి. వెనకనుంచి ఎవడో నవ్వితే, మేం వెనక్కి తిరగకముందే మీరు తిరగండి.

ఈ రెండూ జరిగిన రోజు ఇంట్లో ఆడాలో బయట నడవాలో మా అమ్మీ తనే తేల్చుకుంటుంది.