కాలికి జాగా మిగిల్చే పని

ధర్మపురి బస్టాండులో తెల్లవారకముందే హైదరాబాద్ బస్సు ఎక్కేవాళ్లలో కొందరి చేతుల్లో సంచితో పాటు ఎక్స్‌రే కవరూ ఉంటుంది. ఈసారి అలాంటి కవరు నా పక్క సీట్లోనే ఉంది. మా వాడకట్టు పిల్లవాడిది. ఎనిమిదో తరగతి. ఎడమ కాలి గిలక పైన వాపు. కబడ్డీలో బెణికిందనుకుని పసరు కట్టారు, నూనెతో తోమించారు. రాత్రిళ్లు నొప్పికి లేచి కూర్చోవడం మొదలయ్యాక జగిత్యాలలో ఎక్స్‌రే తీయించారు. చూసిన డాక్టరు వాపును ముట్టుకోకుండా, పరీక్షకు ముక్క తీయకుండా హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని క్యాన్సర్ ఆసుపత్రికి చీటీ రాసిచ్చారు. ఆయన చేయి పెట్టకపోవడం ఎంత మేలైందో అక్కడికి వెళ్లాకే తెలిసింది.

జేబీఎస్‌లో దిగి ఆటోలో రెడ్‌హిల్స్‌లోని ఆ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి చేరాం. 1955లో మొదలైన ఈ సర్కారు దవాఖానకు నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ పేరు పెట్టారు. ఆయనే తర్వాత గుజరాత్ తొలి గవర్నరయ్యారు. ఆరోగ్యశ్రీ కౌంటరు ముందు రేషన్ కార్డులు, ఆధార్ జిరాక్సులు పట్టుకుని జనం. 2007లో వచ్చిన ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 10 లక్షల రూపాయలకు పెంచింది. పిల్లల ఎముకల క్యాన్సరుకు నెలల తరబడి చికిత్స నడుస్తుంది కాబట్టి, మధ్యలో ఇల్లు చేరకుండా ఆపేది చాలాసార్లు ఈ పథకమే.

ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి సర్జన్ చాలాసేపు చూశారు. పిల్లవాడి నాయనమ్మ ఆగలేకపోయింది.

“సారూ, కాలు తీస్తరా?”

“ముందు పిలగాడు దక్కాలె అవ్వా. కాలు అటెన్క. రెండూ దక్కేటట్టు చూద్దాం.”

ఆయన అనుమానం ఆస్టియోసార్కోమా. పిల్లలు జానెడు జానెడు పెరిగే వయసులో వచ్చే ఈ ఎముక క్యాన్సరు ఎక్కువగా మోకాలి చుట్టూ పుడుతుంది. చీలమండ దగ్గర అరుదు. అరుదైనదే కాదు, ఆపరేషన్‌కు మొండిది కూడా. తొడలో ఎముక చుట్టూ కండ ఉంటుంది. గడ్డతో పాటు కొంత కండ తీసినా ఇంకా మిగులుతుంది. చీలమండ దగ్గర చర్మం కిందే ఎముక. పాదానికి వెళ్లే రక్తనాళం, నరం, స్నాయువులు అన్నీ ఆ ఇరుకులోంచే దిగాలి. గడ్డ చుట్టూ ఆరోగ్యంగా ఉన్న పొరను కూడా కలిపి తీయాలంటే జాగా ఏదీ? అందుకే చాలాకాలం మోకాలి కింద కాలు తీసేయడమే దీనికి మందు అయింది. అయినా 1970లకు ముందు అయిదుగురిలో నలుగురు దక్కేవారు కాదు. గుర్తించేనాటికే ఊపిరితిత్తుల్లో కంటికి కనిపించని కణాలు చేరి ఉండేవి. కీమో వచ్చాక లెక్క మారింది. వ్యాధి పైకి పాకకముందే పట్టుకుని, మందు మధ్యలో మానకుండా ఉంటే ఇప్పుడు మంచి కేంద్రాల్లో ముగ్గురిలో ఇద్దరి దాకా బతుకుతున్నారు. ముందు సుమారు పది వారాలు కీమో, తర్వాత ఆపరేషన్, మళ్లీ కీమో.

ఆపరేషన్ ఎలా చేస్తారో సర్జన్ కేస్‌షీటు వెనక గీసి చూపించారు. మోకాలి కింద రెండు ఎముకలు. లావుదాని కింది భాగాన్ని గడ్డతో సహా కోసి తీస్తారు. పక్కనున్న సన్నెముకను ఆ ఖాళీలోకి జరిపి, కింద పాదం ఎముకకు ప్లేటు, స్క్రూలతో బిగిస్తారు. బరువు మోస్తున్నకొద్దీ ఏళ్ల మీద ఆ సన్నెముకే లావెక్కుతుంది. ఇంకో పద్ధతిలో కోసిన ఎముకనే శుభ్రం చేసి, ఒకేసారి 50 గ్రే రేడియేషన్ ఇచ్చి, క్యాన్సర్ కణాలు చచ్చాక తిరిగి అక్కడే అమరుస్తారు. జపాన్‌లోని కనజావా వైద్యులు రేడియేషన్‌కు బదులు ద్రవ నత్రజనిలో ముంచుతారు. ఎవరి ఎముక వారిదే గనక కొనే పని లేదు, కొలత తప్పదు. అతుక్కోవడానికి మాత్రం నెలలు పడుతుంది.

మూల్యం లేకపోలేదు. సన్నెముకను పాదానికి బిగించాక చీలమండ వంగదు. లావెముక పొడవులో అయిదింట రెండు వంతుల ఎదుగుదల ఆ కింది కొసదే. అది పోతే కాలు పొట్టిదవుతుంది. ఇదే ఆపరేషన్ అయి, తిరిగి చూపించుకోవడానికొచ్చిన పదో తరగతి అమ్మాయి వరండాలో చెప్పులు విడిచింది. ఒక చెప్పు అడుగున అదనంగా మూడు పొరల రబ్బరు. తేడా పెరిగినప్పుడల్లా చెప్పులు కుట్టేతను ఒక పొర అతికించాడట. ఒట్టికాళ్లతో నడిచి చూపించింది. మడమ ఆనగానే పాదం మొత్తం ఒక్కసారే నేలకు పడుతుంది. అడుగు వేళ్ల దగ్గర మాత్రం వంగుతుంది. “మెట్లు ఎక్కుడు అలవాటైంది. దిగుడే మెల్లగ,” అంది. కింద కూర్చోవాలంటే ఆ కాలు చాపుకోవాల్సిందే.

రక్తనాళాన్నీ నరాన్నీ గడ్డ చుట్టేస్తే కాలు తీయక తప్పదు. దాన్ని ఓటమి అనుకోవద్దన్నారు సర్జన్. మోకాలు మిగిలినవాళ్లు కృత్రిమ పాదంతో బాగా నడుస్తారు, కొందరు పరుగెత్తుతారు కూడా. 1968లో పి.కె. సేఠీ, రామచంద్ర శర్మ తయారుచేసిన జైపూర్ పాదమైతే చెప్పు లేకుండా పొలంలోకి దిగడానికీ, గొంతుక్కూర్చోవడానికీ పనికొస్తుంది. బిగుసుకుపోయి పుండ్లు పడే సొంత పాదం కంటే అదే మేలైన సందర్భాలున్నాయి.

ఆయన కోపమంతా తొందరపడి పెట్టే కత్తిగాటు మీద. ముక్క పరీక్షకు సూది దిగిన దారిలో కూడా గడ్డ కణాలు ఉండిపోవచ్చు. పెద్ద ఆపరేషన్‌లో ఆ దారినీ కలిపి తీసేయాలి. అందుకే ముక్కను ఆపరేషన్ చేయబోయే బృందమే, తన కోత గీత మీదే తీయాలి. చీముగడ్డ అనుకుని ఎవరో అడ్డంగా కోస్తే, మిగలాల్సిన కాస్త చర్మమూ పోతుంది. నిలిచే కాలు అక్కడే చేజారుతుంది. మా పిల్లవాడి ఎమ్మారైలో రక్తనాళం గడ్డకు ఎడంగా ఉంది. చర్మం మీద పాత గాటు లేదు. ముక్క పరీక్ష ఆ బృందమే చేసి, కీమో మొదలుపెట్టారు. కాలు నిలపవచ్చన్న ఆశ ఉంది.

ఈ సంగతి మన బడుల్లోని పీఈటీ సార్లకూ, కట్లు కట్టేవాళ్లకూ చేరాలి. ఆటలో తగిలిన దెబ్బ రెండు మూడు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. తగ్గకపోగా పెరుగుతూ, రాత్రి నిద్ర చెడగొడుతుంటే తోమడం మాని ఎక్స్‌రే తీయించాలి. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. అది జగిత్యాలలోనే అవుతుంది. పెద్ద ఆపరేషన్‌కు హైదరాబాద్ పోక తప్పదు. దానికి జాగా మిగిల్చే పని మాత్రం ఊళ్లోనే జరగాలి.