క్యాండిడ్ గారి చుట్టాలు

ఏమండీ, ఈమధ్య ఏ పెళ్లికైనా వెళ్లారా? అయితే క్యాండిడ్ ఫొటోగ్రాఫరు మీకు తగిలే ఉంటాడు. "ఆంటీ, ఇటు చూడకండి! పెళ్లికూతురి చెవిలో ఏదో చెప్తున్నట్టు నవ్వండి. ఆఁ, ఇంకోసారి!" అలా మళ్లీమళ్లీ నవ్వించి తీసింది సహజమైన ఫొటోనట. సర్లెండి, డబ్బులిచ్చేది పెళ్లివారు, మనకెందుకు? నా మనసంతా ఆ 'క్యాండిడ్' అనే మాట మీదే ఉంది.

దాని పుట్టిల్లు లాటిన్. అక్కడ తెలుపులు రెండు. మామూలు తెలుపు 'ఆల్బుస్'. తళతళలాడే తెలుపు 'కాండిడుస్'. మనవాడు ఈ రెండో ఇంటివాడు.

అసలు సరదా రోములో ఉంది. పదవికి పోటీచేసే పెద్దమనుషులు టోగా అనే పైవస్త్రానికి సుద్ద పట్టించి, ధగధగలాడుతూ ఓట్లడగడానికి బయల్దేరేవారు. అందుకే వాళ్లు 'కాండిడాటుస్'. అవునండీ, మన క్యాండిడేటే! క్రీ.పూ. 432లో ఈ తెలుపు పూతలు కూడదని చట్టం చేశారని చరిత్రకారుడు లివీ రాశాడు. ఎవరు విన్నారు? క్రీ.పూ. 64లో వక్త సిసెరో ప్రత్యర్థుల్ని ఉతికి ఆరేసిన ప్రసంగానికి పేరే ఆ తెల్ల టోగా మీద వచ్చింది. గంజి పెట్టిన ఖద్దరుతో మీ వీధికొచ్చే నాయకుణ్ణి ఊరికే ఆడిపోసుకోకండి మరి.

ఇంగ్లీషులో కూడా 'క్యాండిడ్'కి మొదట తెలుపనే అర్థం. తర్వాత మచ్చలేని మనసు, పక్షపాతం లేని బుద్ధి. నవలాకారిణి జేన్ ఆస్టిన్ నాటికి ఎదుటివాళ్లలో మంచే చూసే గుణం. 1813 నాటి ఆమె నవల 'ప్రైడ్ అండ్ ప్రిజుడిస్'లో నాయిక ఎలిజబెత్ తన అక్కలో మెచ్చుకున్నది ఇదే. ఇప్పుడో? మొహమాటం లేకుండా మొహమ్మీదే చెప్పేయడం. "క్యాండిడ్‌గా చెప్పనా?" అని ఎవరైనా అంటే గుండె గుభేలుమంటుంది!

కెమెరా సంగతంటారా? 1928లో ఎరిక్ సాలమన్ అనే జర్మన్ టోపీలో కెమెరా దాచుకుని కోర్టులో ఫొటోలు తీశాడు. అలా చెప్పకుండా తీసేవాటికి క్యాండిడ్ అనే పేరు పడింది. ఆయన ఎవర్నీ నవ్వమనలేదు.

ఇంకో ముచ్చట. 'కాండిడుస్' ధాతువుకి అర్థం మెరవడం. క్యాండిల్ దాని తోబుట్టువు. మన 'చంద్ర' కూడా ఆ వంశమేనంటారు భాషా పండితులు. చందమామకీ క్యాండిడేటుకీ బంధుత్వం, ఏం చేస్తాం!

మరి క్యాండీ? కాదండోయ్. అది సంస్కృతం 'ఖండ' నుంచి పారశీకం, అరబ్బీ మీదుగా వెళ్లిన మన చక్కెర ముక్క. పేరు కలిసిందని చుట్టరికం కలిపితే ఒప్పుకోకండి.