ఆపేముందు ఒక మాట

బ్యాంకువాడికి జెనరేటరుతో ఏం పని అని మీరు అడగవచ్చు. కరెంటు పోతే కంప్యూటర్లు యూపీఎస్ మీద కాసేపు నడుస్తాయి. ఆ తర్వాత శాఖ బతుకంతా వెనక షెడ్డులోని డీజిలు యంత్రం మీదే. మా హోసూరు శాఖలో దాని బాగోగులు చూసే పని ఏడాదిగా నాది. నేను చదివింది బీకాం.

పాత ప్యానెలు తీసి కొత్త కంట్రోలరు బిగించిన రోజు మెకానిక్కు ఒక పొడుగాటి జాబితా నా ముందు పెట్టాడు. ఒక్కో లోపానికి ఎదురుగా ఒకటే ప్రశ్న: హెచ్చరిస్తే చాలా, ఇంజను ఆపెయ్యాలా? "మీరు చెప్పండి సార్, నేను ఎక్కిస్తాను" అన్నాడు.

నాకు మా అప్పుల ఖాతాలు గుర్తొచ్చాయి. వాయిదా మీరిన మొదటి 30 రోజులు ఒక మెట్టు. 31 నుంచి 60 దాకా రెండోది, 61 నుంచి 90 దాకా మూడోది. 90 దాటితేనే మొండిబాకీ. మధ్యలో ఆ మెట్లెందుకంటే, మనిషిని పిలిచి మాట్లాడటానికి. యంత్రానికీ అదే న్యాయం అనుకున్నాను.

కొన్నింటికి మాత్రం మెట్లు కుదరవు. ఆయిలు ప్రెజరు పడిపోతే బేరింగులు దక్కవు, వెంటనే ఆపాలి. నిమిషానికి 1500 చుట్లు తిరగవలసిన ఇంజను హద్దు మీరి పరుగెత్తినా అంతే. అయితే స్టార్టయిన తొలి క్షణాల్లో ఆయిలు ప్రెజరు ఇంకా లేవదు. ఆ కొన్ని సెకన్లు దాన్ని పట్టించుకోవద్దని కంట్రోలరుకు విడిగా చెప్పాలి. లేకపోతే పుట్టీపుట్టగానే గొంతు నొక్కినట్టే. వేడికి రెండు అంకెలు పెట్టాం: కింది అంకె దగ్గర హెచ్చరిక, పై అంకె దగ్గర ఆపడం. డీజిలు తగ్గినా, బ్యాటరీకి చార్జింగు అందకపోయినా హెచ్చరిక చాలు.

వాదన వచ్చింది సర్వీసు గడువు దగ్గర. గడువు దాటితే ఇంజను ఆగిపోయేటట్టు కూడా పెట్టవచ్చట. "అట్లయితేనే మీ పెద్దాఫీసు డబ్బు శాంక్షను చేస్తాది సార్" అన్నాడు నవ్వుతూ. మాట నిజమే కావచ్చు. కాని నెల మొదటి వారంలో పెన్షను కోసం వచ్చిన ముసలివాళ్లు బెంచీల మీద కూర్చుని ఉంటారు. మేం ఆయిలు మార్చలేదన్న పాపానికి వాళ్లను వెనక్కి పంపడం ఏం ధర్మం? హెచ్చరికే పెట్టమన్నాను.

మా యంత్రానికి సర్వీసు 250 గంటలకు, లేదా ఏడాదికి, ఏది ముందైతే అప్పుడు. 2012లో తమిళనాడంతా గంటల తరబడి కరెంటు కోతలున్న రోజుల్లో గంటలే ముందు నిండేవి. ఇప్పుడు వారానికి ఒక గంట నడిస్తే ఎక్కువ. మరి రోజుల లెక్క ఎందుకన్నాను. "ఊరికే ఉండినా పాతదైపోతాది సార్" అన్నాడు.

పాత ప్యానెలు బజరు తీగను ఎవరో ఎప్పుడో పీకేశారు. అన్నింటికీ ఒకేలా అరిచేదాని మాట ఎవరు వింటారు? అందుకే ఇప్పుడు మనిషి లేచి పరుగెత్తవలసిన వాటికే బజరు. మిగతావాటికి ఒక దీపం, నా ఫోనుకు ఒక సందేశం.

ఇంత చేసినా ఒక చిక్కు మిగిలింది. కంట్రోలరు తన మాటలన్నీ ఇంగ్లీషులోనే రాస్తుంది. రాత్రి దాని పక్కన ఉండేది మా కాపలాదారు; అతనికి తమిళం, తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు కూడబలుక్కుంటాడు. ఒక అట్ట మీద ప్యానెలులో పడే మాట పడ్డట్టే రాసి, పక్కన తమిళంలో, తెలుగులో అర్థమూ, చేయవలసిన పనీ రాసి తగిలించాను. మొదటి వరుస: "ఆయిలు ప్రెజరు పోయింది. మళ్లీ స్టార్టు చేయవద్దు. ఫోను చెయ్యి."

మొన్న సాయంత్రం అతనే ఫోను చేసి డీజిలు తగ్గిందని చెప్పాడు. కంట్రోలరు పంపిన సందేశం ఆ తర్వాత వచ్చింది.