ఖాళీ కుర్చీ

పిల్లలూ, పోయిన వేసవి సెలవుల్లో మా మనవరాలు నన్ను చూసి పడీపడీ నవ్వింది. ఎందుకు నవ్విందో చెబితే మీరూ నవ్వుతారు. అయినా చెబుతాను.

మేము కరీంనగరులో ఉంటాము. ఒక సాయంకాలం మా మనవరాలు ఫోను పట్టుకుని వచ్చి, "తాతా, నీకొక ఆట చూపిస్తా, కూర్చో," అన్నది. అది స్నూకరు ఆట. మీలో చూడనివారు ఉంటారు గనక కొంచెం చెప్పాలి. ఆకుపచ్చ గుడ్డ పరిచిన పెద్ద బల్ల ఉంటుంది. దానికి ఆరు సంచులు. బల్లమీద 15 ఎర్రబంతులు, ఆరు వేరు వేరు రంగుల బంతులు, ఒక తెల్లబంతి. పొడుగాటి కర్రతో తెల్లబంతిని కొట్టి, అది పోయి తగిలి మిగతా బంతులు సంచుల్లో పడేటట్లు చేయాలి. ఈ ఆట సీమ నుంచి వచ్చిందనుకునేరు! పుట్టింది మన జబల్పూరులోనే. 1875లో అక్కడ ఉన్న ఇంగ్లీషు సైనికాధికారులు పొద్దుపోక పాత బిలియర్డ్సు బల్లమీద కొత్త బంతులు చేర్చి దీన్ని కల్పించారని చెబుతారు.

మా మనవరాలు చూపించినది 1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్ పట్టణంలో జరిగిన ప్రపంచ పోటీ. ఒక పక్క స్టీవ్ డేవిస్, అప్పట్లో అతనికి ఎదురు లేదు. రెండో పక్క పెద్ద పెద్ద కళ్లద్దాలు పెట్టుకున్న డెనిస్ టేలర్. ఒక్కొక్క విడత ఆటను ఫ్రేము అంటారు. ముందుగా 18 ఫ్రేములు గెలిచినవాడిదే పోటీ. డేవిస్ మొదటి ఎనిమిది ఫ్రేములూ వరసగా గెలిచేశాడు. ఇంకేముంది, అయిపోయిందనుకున్నాను. కాని కళ్లద్దాలాయన ఒక్కొక్కటే గెలుస్తూ చివరకు 17కు 17 చేశాడు! మిగిలింది ఒకే ఒక్క ఫ్రేము. అందులోనూ డేవిస్‌కు 62, టేలర్‌కు 44. బల్లమీద నాలుగే బంతులు: గోధుమరంగుది 4, నీలం 5, గులాబి 6, నలుపు 7. మీరే లెక్క కట్టండి. నాలుగూ పడితే తప్ప టేలర్ గెలవడు.

గోధుమరంగుది పడింది. నీలం పడింది. గులాబి పడింది. 59. ఇక ఆ పచ్చని బల్లమీద నల్లబంతి ఒక్కటే! ఎవరు వేస్తే ప్రపంచ విజయం వారిది. టేలర్ కొట్టాడు, పడలేదు. డేవిస్ కొట్టాడు, పడలేదు. ఈ ఆటలో ఒకరు ఆడుతున్నంతసేపూ రెండో ఆయన కుర్చీలో చేతులు ముడుచుకుని కూర్చోవలసిందే. చేయగలిగింది ఏమీ లేదు. ఆ కుర్చీలో ఉన్నవాడి మొహం చూస్తుంటే నాకు ఊపిరాడలేదు. ఉన్నట్టుండి లేచి వసారాలోకి వెళ్లిపోయాను.

"తాతా, ఎక్కడికి?" అన్నది పిల్ల.

"నేను చూస్తుంటే కళ్లద్దాలాయన ఓడిపోతాడమ్మా. నువ్వు చూసి చెప్పు," అన్నాను.

దానికి నవ్వు ఆగలేదు. "అయ్యో తాతా, ఇది 1985లోనే అయిపోయింది! అప్పటికి అమ్మ చిన్నపిల్ల!" అన్నది. ఆ మాట నిజమే. ఆ రాత్రి బ్రిటనులో 1 కోటి 85 లక్షలమంది టెలివిజన్‌లో చూస్తుండగా తేలిపోయిన ఆట అది. అయినా నేను లోపలికి రాలేదు. కాసేపటికి పిల్ల, "పడింది! 66కు 62!" అని కేక పెట్టింది. "చూశావా మరి!" అన్నాను.

"ఈ పిచ్చి నీకు ఎక్కడ పట్టుకుంది తాతా?" అని అడిగింది. బెల్లంపల్లిలో, 1962లో.

బెల్లంపల్లి బొగ్గుబావుల ఊరు. అప్పట్లో ఆదిలాబాదు జిల్లా. ఇప్పుడు మంచిర్యాల జిల్లాలోకి వచ్చింది. నాకప్పుడు పదకొండేళ్లు. మా చిన్నాయన బావిలో పని చేస్తూ, సాయంకాలాలు వట్టి కాళ్లతో ఫుట్‌బాల్ ఆడేవాడు. ఒకసారి ఆటలో పడి మోకాలు చెడింది. అప్పటినుంచి కుంటుతూ నడిచేవాడు. తాను ఆడలేకపోయేసరికి, ఆడేవాళ్లందరినీ సొంత చుట్టాల్లాగా చూసుకోవటం మొదలుపెట్టాడు.

ఆయనకు దేవుడు రహీం సాహెబు. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో బడిపంతులుగా ఉండి, తరువాత సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యాడు. ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 దాకా వరసగా ఐదేళ్లు గెలిచింది! రహీం సాహెబు దేశపు జట్టునే తీర్చిదిద్దాడు. "గోల్‌కీపరు తంగరాజు మన హైదరాబాదుల పుట్టినోడు. బలరాం సికిందరాబాదు పక్కన అమ్ముగూడ పిల్లగాడు," అని చిన్నాయన వాళ్ల ఊళ్లు, ఆటతీరు అన్నీ చెబుతూ ఉండేవాడు. నేను ఎక్కాలకన్నా ముందు ఆ పేర్లు నేర్చుకున్నాను.

ఆ ఏడు ఆసియా క్రీడలు ఇండొనీషియాలోని జకార్తాలో జరిగాయి. మా ఇంట్లో రేడియో లేదు. సందు చివర చాయ్ హోటల్లో ఉండేది. రాత్రి వార్తల చివర ఆటల సంగతి చెప్పేవారు. ఆ ఒక్క ముక్క కోసం చిన్నాయన గంట ముందే వెళ్లి రెండు కుర్చీలు పట్టేవాడు, ఒకటి తనకు, తన ఎడమపక్కన ఒకటి నాకు.

మొదటి ఆట దక్షిణ కొరియాతో. ఆనాడు నేను కాస్త ఆలస్యంగా వెళ్లాను. ఎడమపక్క కుర్చీలో ఎవరో పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. నేను కుడిపక్క ఉన్న స్టూలు ఎక్కాను. చిన్నాయన మొహం ఎందుకో చిన్నబోయింది. వార్తలు వచ్చాయి. మనవాళ్లు 0–2తో ఓడిపోయారు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

థాయ్‌లాండుతో ఆట రోజున నాకు జ్వరం. హోటలుకు పోలేదు. మనవాళ్లు 4–1తో గెలిచారు!

జ్వరంలో పడుకుని ఆలోచించాను. నేను వెళితే ఓటమి, వెళ్లకపోతే గెలుపు. ఎందుకైనా మంచిదని మర్నాడు జపాను ఆటకు ఒళ్లు వెచ్చగా ఉందని సాకు చెప్పి ఇంట్లోనే ఉండిపోయాను. 2–0తో గెలిచాం. సెమీఫైనలు దక్షిణ వియత్నాంతో. ఆనాడు మనసు పట్టలేక హోటలు ముందున్న వేపచెట్టు దాకా వెళ్లి నిలబడ్డాను. గెలిచాం గాని 3–2తో. రెండు గోల్స్ ముందుండి, ఆ రెండూ పోగొట్టుకుని, చివరకు చుని గోస్వామి గోలుతో ఎలాగో బయటపడ్డారు. వేపచెట్టు దాకా వచ్చినందుకే ఆ రెండు గోల్స్ పోయినై అని నాకు రూఢి అయిపోయింది. ఇంకా ఒక్క అడుగు ముందుకు వేసి ఉంటే ఏమై ఉండేదో అని వణికిపోయాను.

ఆ రోజుల్లోనే వినాయకచవితి వచ్చింది. కథ వినకుండా, తలమీద అక్షింతలు వేసుకోకుండా, పొరపాటున చంద్రుణ్ణి చూశాను. నీలాపనిందలు తప్పవని మా అమ్మ మందలించింది. నాకు వచ్చే నిందతో పనిలేదు, జట్టుకేమీ కాకపోతే చాలుననుకున్నాను.

సెప్టెంబరు 4. ఫైనలు. మళ్లీ కొరియాతోనే! పొద్దుటినుంచీ చిన్నాయన, "బిడ్డా, ఇయ్యాల మాత్రం తప్పకుండా రావాలె. నీ కుర్చీ నేను పట్టిపెడ్త," అని పదిసార్లు చెప్పాడు. వస్తానన్నాను. సాయంత్రం కాగానే ఊరి బయట రైలుకట్ట దగ్గరికి పారిపోయాను. వేపచెట్టు దాకా వస్తే రెండు గోల్స్ పోతాయి గనక, ఎంత దూరం పోతే అంత మంచిదని నా లెక్క.

బొగ్గు నింపుకున్న గూడ్సుబండి ఒకటి వచ్చింది. పెట్టెలు సరిసంఖ్య వస్తే గెలుపు అనుకుని లెక్క పెట్టసాగాను. ముప్పై దాటాక వాన అందుకుని లెక్క తప్పింది. అట్లాగే తడుస్తూ, చీకటి పడ్డాక చాలాసేపటికి ఇంటిదారి పట్టాను.

హోటలు దగ్గరకు వచ్చేసరికి ఒకటే గోల. అందరికీ డబ్బుల్లేకుండా చాయ్ పోస్తున్నారు. ఎవరినీ అడగనక్కరలేకపోయింది. ఎగురుకుంటూ ఇంటికి వచ్చాను. చిన్నాయన అరుగుమీద కూర్చుని ఉన్నాడు. పక్కన జిలేబీ పొట్లం, పాకం కారి కాగితమంతా తడిసిపోయింది.

"రెండు–ఒకటి. గెలిచినం," అన్నాడు. మొహంలో నవ్వు లేదు. "ఏడికి పోయినవురా?"

నేను మాట్లాడలేదు. చెబితే రహస్యం పోతుంది. రహస్యం పోతే దాని బలం పోతుంది. నాలుగేళ్లకు మళ్లీ ఆసియా క్రీడలున్నాయి.

"ఓడిపోతమని ముందే దాక్కున్నవా? జర్నైల్ సింగుకు తల పగిలి ఆరు కుట్లు పడ్డై. ఆ తలతోటే ఆడి గోలు కొట్టిండు. నువ్వు ఒక కుర్చీల కూసోలేకపోతివి. హోటల్ల అందరు అడిగిన్రు, ఈ కుర్చీ ఎవరికని. మా పిల్లగానికి అని చెప్పిన. ఆఖరుదాకా ఖాళీగనే ఉన్నది," అని లేచి లోపలికి పోయాడు.

జిలేబీ పొట్లం నా చేతిలో మిగిలింది. చవితి చంద్రుడు చేసిన పని ఇదే అనుకున్నాను.

ఆ ఆట సంగతులు తరువాత ఎన్నో చదివాను. ఆడిన మైదానంలో దాదాపు లక్షమంది మనకు ఎదురు అరిచారట. ఇజ్రాయెలునూ తైవానునూ రానివ్వలేదన్న విషయమై మన దేశపు పెద్ద ఒకరు అన్న మాటలకు అక్కడివారికి కోపం వచ్చి ఉన్నది. మనవైపు చప్పట్లు కొట్టింది పాకిస్తాను హాకీ ఆటగాళ్లేనని మన జట్టువాళ్లు చెప్పుకునేవారు. 17వ నిమిషంలో పి. కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ సింగు గోల్స్ వేశారు. కొరియావాళ్లు 85వ నిమిషంలో ఒకటి వేశారు. 1951లో ఢిల్లీలో మనకు బంగారు పతకం వచ్చినప్పుడు నేను పొత్తిళ్లలో ఉన్నాను. 1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఇంతవరకూ బంగారం రాలేదు. నా ఎరుకలో వచ్చిన ఒక్కటీ వచ్చేవేళకు నేను వానలో గూడ్సు పెట్టెలు లెక్కపెడుతున్నాను!

చిన్నాయన నన్ను తిట్టలేదు, కొట్టలేదు. అదే బాధగా ఉండేది. ఆ తరువాత తొమ్మిది నెలలు హోటలుకు ఒక్కడే వెళ్లాడు.

1963 జూన్ 11న రహీం సాహెబు కాన్సరుతో పోయాడు. జకార్తాయే ఆయన ఆఖరి గెలుపు. పేపరు వచ్చిననాడు చిన్నాయన దాన్ని మడిచి ఒళ్లో పెట్టుకుని, అరుగుమీద అట్లాగే కూర్చుండిపోయాడు. ఆయన ఒంటరిగా కూర్చోవటం చూడలేక వెళ్లి ఎడమపక్కన కూర్చున్నాను. చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఆ తరువాత ఉన్నదంతా చెప్పేశాను. జ్వరం, సాకు, వేపచెట్టు, గూడ్సుబండి, అన్నీ.

చిన్నాయన నన్ను వింతగా చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"ఓరి పిచ్చోడా! నేనెందుకు నిన్ను ఎడమపక్క కూసోమంటననుకున్నవు?" అన్నాడు. "1956ల మెల్‌బోర్న్ ఒలింపిక్సుల మనోళ్లు ఆస్ట్రేలియాను నాలుగు–రెండుతోటి కొట్టిన్రు. డిసౌజా మూడు గోల్స్ వేసిండు. ఆ వార్త వచ్చిననాడు నువ్వు నా ఎడమ తొడమీద కూసున్నవు. ఆ తరువాత మీ అమ్మ నిన్ను తీసుకుని జగిత్యాల పోయింది. నువ్వు లేవు. యుగోస్లావియా మనలను ఒకటి–నాలుగుతోటి ఓడగొట్టింది. అప్పటినుంచి నువ్వు పక్కన లేకుంటే నాకు భయం!"

నేను నోరు తెరిచాను. నేను ఉండకూడదని నేను, ఉండితీరాలని ఆయన! ఇద్దరికీ రుజువులున్నాయి.

"మరి మొదటినాడు నేను ఉన్నా కొరియాతోటి ఎందుకు ఓడిపోయినం?" అన్నాను.

"ఆనాడు నువ్వు కుడిపక్క కూసున్నవు!" అన్నాడు చిన్నాయన వెంటనే. ఆ సంగతి ఆయన తొమ్మిది నెలలుగా మర్చిపోలేదు.

"మరి ఫైనలు నేను లేకుండ ఎట్ల గెలిచినం?"

దీనికి ఆయన చాలాసేపు ఆలోచించాడు. "కుర్చీ ఎడమపక్కనే ఉండె గద," అన్నాడు చివరకు. అప్పటికి ఇద్దరికీ నవ్వు వచ్చింది. ఆ సాయంత్రం నన్ను చాయ్ హోటలుకు తీసుకుపోయాడు.

1966లో ఆసియా క్రీడలు బ్యాంకాకులో జరిగాయి. ఈసారి ఏం చేయాలా అని ఇద్దరం వారం రోజులు తర్కించి ఒక రాజీకి వచ్చాం. నా కుర్చీ ఎడమపక్కనే, సరిగ్గా హోటలు గడపమీద వేశారు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్లందరూ నన్ను తట్టుకుని తిట్టిపోశారు. మనవాళ్లు మొదటి దశ కూడా దాటకుండానే ఇంటిదారి పట్టారు.

ఇంటికి వస్తూ చిన్నాయన దారిపొడుగునా ఏదో లెక్క వేసుకుంటున్నాడు. గుమ్మం దగ్గరకు వచ్చాక ఆగి, "లోపల పెట్టింది కుడికాలా, ఎడమకాలా?" అని అడిగాడు.