ముందు బ్రేకు, తర్వాతే తిట్లు

నిరుడు అమెరికాలో మా చెల్లెలింటికి వెళ్ళాను. వాళ్ళుండేది అరిజోనా రాష్ట్రంలోని టెంపే. అక్కడ నన్ను డ్రైవరు లేని వేమో కారెక్కించింది. స్టీరింగు దానంతటదే తిరుగుతూంటే ప్రాణాలు అరచేత పట్టుకు కూర్చున్నాను. ముందు సైకిలు మీద ఓ కుర్రాడు కనబడగానే కారు బుద్ధిగా వేగం తగ్గించింది.

"చూశావా అక్కయ్యా! మన ఆటోవాళ్ళకన్నా నయం!" అంది చెల్లెలు.

నయమే. కానీ ఆ ఊళ్ళోనే, 2018 మార్చి 18 రాత్రి, సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న 49 ఏళ్ళ స్త్రీని ఊబర్ సంస్థ పరీక్షిస్తున్న ఇలాంటి కారు గుద్ది చంపింది. ఆవిణ్ణి చూడలేదా అంటే, 5.6 సెకన్ల ముందే చూసింది! ఒకసారి వాహనమనుకుంది, ఒకసారి ఇంకేదో అనుకుంది, ఒకసారి సైకిలనుకుంది. తేల్చుకునేలోగా అంతా అయిపోయింది. జీబ్రా గీతలు లేనిచోట కూడా మనుషులు రోడ్డు దాటుతారని దానికెవరూ నేర్పలేదట. సీట్లో కాపలాకి కూర్చున్నావిడ చూపేమో సెల్‌ఫోను మీద ఉంది!

మా వీధిలోకి సైకిలు నిండా అరటిగెలలు కట్టుకుని ఒకతను వస్తాడు. దూరం నుంచి చూస్తే చెట్టో మనిషో తెలీదు. అయినా లారీ డ్రైవరు సైతం ముందు బ్రేకు వేస్తాడు, తర్వాతే తిట్లు. ఎదుట ఉన్నదేమిటో తెలియనప్పుడే కదండీ ఆగవలసింది!

ఆ సాయంత్రం చెల్లెలి కొడుకు సైకిలు తీశాడు. "జాగ్రత్తరా నాన్నా" అన్నాను. వాడు తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.