గుర్రం గుడ్డిదైనా...

మా చిన్నతనంలో తెనాలి స్టేషను బయట వరసగా జట్కాలుండేవి. వాటిలో మా వీధి చివర సాయిబుగారి జట్కా ఒకటి. నాన్నగారు ఊరెళ్లినా, అమ్మ పుట్టింటికెళ్లినా ఆ బండే. కొన్నేళ్లకి ఆ గుర్రానికి చూపు పోయింది. సాయిబుగారు అప్పు చేసి ఇంకో గుర్రాన్ని కొన్నారే గాని, దీన్ని మాత్రం వదిలిపెట్టలేదు. వేపచెట్టు కింద కట్టేసి రోజూ ఉలవలు పెట్టేవారు. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నమాట!" అని వీధిలో అందరూ నవ్వేవాళ్లు. "ఇన్నాళ్లూ దాని కష్టం నేను తిన్నాను, ఇప్పుడు నా కష్టం అది తింటోంది" అనేవారాయన.

ఈ సంగతి అరవై ఏళ్ల తరవాత, ఎక్కడో నెవాడాలో రెనో ఊళ్లో జ్ఞాపకం వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

2024 వేసవిలో మా అబ్బాయి దగ్గరికెళ్లాను. మావారు పోయి అప్పటికి రెండేళ్లు. నన్నేం చెయ్యాలన్నది ఆ ఇంట్లో పెద్ద సమస్య. ఇక్కడే ఉంచేసుకుందామా, గుంటూరు దగ్గర మంచి వృద్ధాశ్రమం ఉందట, అందులో చేర్పిద్దామా అని మొగుడూ పెళ్లాం రాత్రిళ్లు గుసగుసలాడుకునేవారు. అమెరికా గోడలు పల్చన. ఇద్దరూ మంచివాళ్లే. అందుకే నాకు మరీ భయం!

ఒకనాడు కోడలు సెలవు పెట్టి, "అత్తయ్యా, అడివి గుర్రాల్ని చూసొద్దాం రండి" అంది. రెనోకి ఉత్తరంగా ఇరవై మైళ్లు, పాలొమినో లోయ. అడివంటే చెట్లనుకునేరు; కనుచూపు మేరా బూడిదరంగు పొదలూ, బోడి కొండలూను. వాటి మధ్య కంచెలు. కంచెల వెనక వందలకొద్దీ గుర్రాలు, వంచిన తల ఎత్తకుండా ఎండుగడ్డి నములుతున్నాయి.

"వీటిదో పెద్ద కథమ్మా" అని మావాడు అందుకున్నాడు.

1950లో వెల్మా జాన్‌స్టన్ అనే ఆవిడ రెనోలో ఉద్యోగానికి పోతుంటే, ముందు పోయే లారీలోంచి నెత్తురు కారుతోందిట. వెనకాలే పోయి చూస్తే కబేళాకి తోలుకుపోతున్న అడివి గుర్రాలు. ఇక ఆవిడ ఊరుకోలేదు. వెక్కిరింతగా 'అడివి గుర్రాల ఆనీ' అని పేరు పెడితే, సరే అని ఆ పేరే ఉంచేసుకుంది. బడిపిల్లలు వేలకొద్దీ ఉత్తరాలు రాశారు. మోటారు బళ్లతో, విమానాలతో ఆ గుర్రాల్ని వేటాడరాదని 1959లో చట్టం వచ్చింది. 1971 చట్టంతో వాటికి పూర్తి రక్షణ దొరికింది.

కథ అక్కడితో కంచికి వెళ్తే బాగుండును. వెళ్లలేదు. మంద నాలుగైదేళ్లలో రెట్టింపవుతుంది. గడ్డీ నీళ్లూ రెట్టింపు కావు గదా! ఆ నేల భరించగలిగేవి పాతికవేల పైచిలుకని సర్కారు లెక్కయితే, 2024లో గుర్రాలూ గాడిదలూ కలిసి 73,000 దాకా తేలాయి. అంచేత హెలికాప్టర్లతో తోలి పట్టుకొస్తారు. అలా తెచ్చినవి అరవై వేలకు పైనే సర్కారు తిండి తింటున్నాయి. ఏటా ఖర్చు పది కోట్ల డాలర్లు దాటింది. దాణా తప్పదు మరి!

ద్రవ నైట్రోజన్‌లో ముంచిన ఇనుముతో ప్రతిదాని మెడమీద ఎడం పక్కన ముద్ర వేస్తారు. అక్కడ వెంట్రుకలు తెల్లగా మొలుస్తాయి. నా పాస్‌పోర్టు మీద దిగ్గున కొట్టిన ముద్ర గుర్తొచ్చి మెడ తడుముకున్నాను.

కావలసినవాళ్లు దత్తత తీసుకోవచ్చు. మూడుసార్లు చూపించినా ఎవరూ తీసుకోకపోతే, పెళ్లిచూపులు తప్పిన పిల్లలాగా, దాన్ని వేరే జాబితాలో వేసి అమ్మకానికి పెడతారు. దత్తత పెరగాలని 2019లో తీసుకున్నవాళ్లకి వెయ్యి డాలర్లు ఎదురిచ్చారు. కొందరు ఆ కట్నం పుచ్చుకుని, హక్కు చేతికి రాగానే గుర్రాన్ని వేలంలో పెడితే అది కబేళా దళారుల పాలయింది. 2025లో కోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది.

ఎవరికీ అక్కర్లేని ముసలివాటిని ఓక్లహోమా, కాన్సస్ లాంటిచోట్ల పెద్ద పచ్చిక బీళ్లలో, పోయేదాకా మేపుతారు. బీడు ఆసామికి రోజుకింతని సర్కారు ఇస్తుంది. కంచెలో గడ్డి వెయ్యడం కంటే ఇదే చవక, గుర్రానికీ ఇదే సుఖం.

"మరి ఒక మందలోవి ఒక్కచోటే ఉంటాయా?" అన్నాను.

మావాడు కాస్త ఆగి, "ఉండవమ్మా. పట్టుకున్నప్పుడే మగవీ ఆడవీ పిల్లలూ విడదీస్తారు. బీళ్లలో కూడా ఆడవి వేరు, బీజాలు తీసిన మగవి వేరు" అన్నాడు.

అడివిలోనయితే ఒక మగగుర్రం, నాలుగైదు ఆడవీ, వాటి పిల్లలూ ఓ సంసారంలా తిరుగుతాయిట. అందుకే కొందరు, అసలు పట్టుకొచ్చే అవసరమే తగ్గేలా దూరంనించి తుపాకీతో గర్భం రాని టీకా వేసి, వాటి చోటున వాటిని ఉండనిద్దామంటున్నారు. దక్షిణ డకోటాలో డేటన్ హైడ్ అనే రచయిత 1988లో అక్కర్లేని గుర్రాల కోసం ఓ శరణాలయమే పెట్టాడు. ఆయన 2018లో పోయినా అది నిలిచింది.

తిరిగొస్తుంటే కారులో ఎవరూ మాట్లాడలేదు. నేనే అన్నాను: "ఒరే, మీ ఇల్లు వెచ్చగా ఉంది. ఆ ఆశ్రమంలో భోజనమూ బాగుండొచ్చు. కానీ మీరిద్దరూ పొద్దున పోతే రాత్రికి వస్తారు. మీ పిన్ని కూడా తెనాల్లో ఒంటిదే. ఇల్లు అమ్మకుండా ఉంచు. మేమిద్దరం ఒక మందగా మేస్తాం. దాణా మాత్రం నువ్వే పంపాలి!"

వాడు నవ్వబోయి నవ్వలేక అద్దంలోంచి నన్ను చూశాడు. "గోడలు పల్చనని నేను అప్పుడే చెప్పాను" అంది కోడలు.

ఇప్పుడు తెనాలి ఇంట్లో మా చెల్లెలు పక్కగదిలో గురక పెడుతోంది. నిద్ర పట్టకే ఇది రాస్తున్నాను.