కర్పూరం ఎక్కడికి పోయింది?

గత కార్తికమాసంలో ఒకనాటి ఉషఃకాలంలో పూజకు కూర్చున్నాను. గిన్నెలో నెయ్యి పేరుకొని ఉంది. కర్పూరపు డబ్బా తెరిస్తే, వేసవిలో నింపిన బిళ్లలు సగానికి సగం తరిగిపోయి ఉన్నాయి. పక్కనున్న మనుమరాలు, "తాతయ్యా, ఎవరూ వెలిగించలేదు కదా, కర్పూరం ఎక్కడికి పోయింది?" అని అడిగింది.

"అంతా పరమాణువుల చలనమేనమ్మా! కణాద మహర్షి ఏనాడో చెప్పాడు" అన్నాను. "ఏ సూత్రంలో?" అన్నది ఆ పిల్ల. ఏళ్ల తరబడి సత్సంగాలలో ఈ మాట పలుకుతూ వచ్చిన నాకు సమాధానం తోచలేదు. ఆ సాయంత్రం అన్నంభట్టు తర్కసంగ్రహాన్ని, ప్రశస్తపాదుల భాష్యాన్ని మళ్లీ తెరిచాను.

అక్కడ ఉన్నది వేరు. వైశేషిక మతంలో ద్రవత్వం ఒక గుణం. జలానికి అది సాంసిద్ధికం, అనగా స్వభావసిద్ధం. నేతికి నైమిత్తికం, అనగా అగ్నిసంయోగం వలన కలిగేది. మంచులో దివ్యతేజస్సంయోగం చేత జలపరమాణువుల ద్రవత్వం ప్రతిబద్ధమవుతుందని ప్రశస్తపాదుల వివరణ. ఆ సూక్ష్మవిచారానికి నమస్కరించవలసిందే. కాని కణాల నిరంతర చలనమే ఘన, ద్రవ, వాయు భేదానికి హేతువన్న సిద్ధాంతం అక్కడ లేదు.

అది ఆధునిక భౌతికశాస్త్రం చెప్పినది. ఘనపదార్థంలో అణువులు పరస్పరాకర్షణచే బద్ధమై, తమతమ స్థానాలలోనే కంపిస్తుంటాయి. తాపం పెరిగేకొద్దీ కంపనం తీవ్రమై, స్థానం వదలి ఒకదాని పక్కగా ఒకటి జారుతాయి, అది ద్రవం. ఇంకా హెచ్చితే ఆకర్షణను అతిక్రమించి విడివిడిగా పరుగెత్తుతాయి, అది వాయువు. లీటరు నీరు మరిగి ఆవిరైతే సుమారు 1,700 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అణువు పెరగలేదు, అణువుల నడుమ ఎడం పెరిగింది. కర్పూరంలో అణువుల బంధం దుర్బలం కనుక, పైపొరలోనివి ద్రవరూపం దాల్చకుండానే గాలిలో కలుస్తాయి. మూత తీయగానే మనకు సోకే పరిమళం ఆ "పోయిన" కర్పూరమే.

1827లో రాబర్ట్ బ్రౌన్ పుప్పొడి నుండి వెలువడిన సూక్ష్మరేణువులు నీటిలో ఎడతెగక చలించడం గమనించాడు. అది నీటి అణువుల తాకిడి ఫలమని 1905లో ఐన్‌స్టీన్ గణితంతో చూపాడు. జీన్ పెర్రిన్ దానిని ప్రయోగాలతో ధ్రువపరచి 1926లో నోబెల్ బహుమతి పొందాడు.

మరుసటి సత్సంగంలో, ఇన్నాళ్లూ నేను చెప్పినది సరికాదని ఒప్పుకున్నాను. ఒక పెద్దలు నొచ్చుకొని, "ఋషులను తక్కువ చేశారు" అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు బాధించింది. చివరకు శంకరభగవత్పాదులే నాకు దారి చూపారు. సృష్ట్యాదిలో పరమాణువులకు తొలి చలనం అదృష్టం వలన కలిగిందని వైశేషికులు అంటే, అచేతనమైన అదృష్టం ఎలా కదిలించగలదని బ్రహ్మసూత్రభాష్యం ద్వితీయాధ్యాయంలో ఆచార్యులు ఆక్షేపించారు. పూర్వపక్షం ఏమన్నదో యథాతథంగా గ్రహించి, ఆపైనే ప్రశ్నించారు. లేనిదానిని ఆరోపించి పొగడలేదు, తెగడలేదు.

ఋషుల పట్ల గౌరవమంటే వారు చెప్పినది శ్రద్ధగా చదవడం. చెప్పనిదానిని వారి పేర ప్రచారం చేయడం, ఎంత భక్తితో చేసినా, అసత్యమే. ఈ పాఠం నాకు ఎనిమిదేళ్ల పిల్ల నేర్పింది.

ఓం తత్ సత్.